వరహాలమ్మ కార్జంలో కాపలావాళ్లు

చిట్టా 212

తెప్పలూరు వైద్యశాల చిట్టా ఇది. రాస్తున్నది డాక్టర్ భ్రమరాంబ. ఇందులో రోగులు, మందులు, వాతావరణం తప్ప ఇంకేమీ రాయకూడదని ఆస్పత్రి ఓడ వాళ్ల నిబంధన. ఇవాళ్టి నుంచి మా వదిన రోగి. మందులు మింగనని మొండికేస్తోంది. ఇంట్లో వాతావరణం ఎలా ఉండాలో నిర్ణయించేది ఎప్పుడూ ఆవిడే. కాబట్టి ఆవిడ గురించి రాయడం నిబంధనకు లోబడే ఉందనుకుంటున్నాను.

ఊరిని తేల్చే పీపాలకు పట్టిన నాచు గీకడం ఈ వారం మా వంతు. పొద్దున్నే గీకాం. తర్వాత వేరుశనగలు ఆరబెట్టిన చాప తిప్పాం. నెమ్ముకి బూజు పట్టిన గింజలు తినొద్దనీ, ఆ విషం నేరుగా కాలేయానికి ఎక్కుతుందనీ ఎన్నేళ్లుగానో చెబుతున్నాను. వదిన బూజు తుడిచేసి నోట్లో వేసుకుంటుంది.

"మీ అన్నయ్యా ఇలాగే తినేవాడు. ఏమైంది?" అంటుంది.

అన్నయ్య పోయింది తుఫానులో. అందుకని ఈ వాదనలో నేను ఒక్కసారీ గెలవలేదు.

వదిన పేరు వరహాలమ్మ. చేపల మడులకీ ఉప్పు మడులకీ జనాన్ని దాటించే రేవు పడవ ఆవిడదే. నీళ్ల కింద పాత ఊళ్ల డాబాలు, కరెంటు స్తంభాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని, పడవ అడుగు వాటికి తగలకుండా నడుపుతుంది. ఇవాళ మోకు రాసుకుని అరచెయ్యి చీరుకుపోయింది. కట్టు కట్టేటప్పుడు కుడి డొక్క మీద నా మోచెయ్యి తగిలితే మొహం ముడిచింది. వద్దు వద్దంటున్నా స్కానింగు పలక పెట్టి చూశాను.

కాలేయంలో నిమ్మకాయంత గడ్డ ఉంది.

"ఏంటలా చూస్తున్నావు? ఆడపిల్లా మగపిల్లాడా?" అంది వదిన.

చిట్టా 213

ఇవాళ వెంట్రుకంత సూదితో గడ్డలోంచి చిన్న ముక్క, పక్కనున్న మంచి కాలేయంలోంచి ఇంకో ముక్క తీశాను. గడ్డ క్యాన్సరే. పెద్దగా పాకలేదు, కోసి తీసేయొచ్చు. కానీ కొయ్యాలంటే ఆస్పత్రి ఓడ ఎక్కాలి. ఓడ ఎక్కాలంటే జోస్యం పెట్టె ఒప్పుకోవాలి.

ఆ పెట్టెకి అసలు పేరు చాలా పొడుగ్గా ఉంటుంది. ఊళ్లో అందరూ జోస్యం పెట్టె అనే అంటారు. కాలేయం ముక్క అందులో వేస్తే, గడ్డ తీసేశాక మనిషి నిలుస్తాడా లేదా అన్నది అంచనా వేసి, ఒక గీతకి పైనో కిందో చుక్క పెడుతుంది. గీతకి పైనుంటే ఓడలో మంచం. కిందుంటే లేదు. ఓడలో మంచాలు తక్కువ, తీరం పొడుగునా తేలే ఊళ్లు ఎక్కువ.

అది దేన్ని చూసి చెబుతుందో వదినకి చెప్పాలనుకున్నాను.

"మన కణాల గుమ్మాల దగ్గర కాపలావాళ్లలాంటి గ్రాహకాలు ఉంటాయి వదినా. పుట్టుకతోనే వస్తాయి, ఎవరూ నేర్పక్కర్లేదు. సూక్ష్మజీవి ముక్క తగిలినా, చెడిపోయిన కణం ముక్క తగిలినా పసిగట్టి కేకేస్తాయి. వాటిని టోల్ గ్రాహకాలంటారు."

"టోలా? హైవే మీద గేటు పెట్టి డబ్బులు గుంజేవారని మా నాన్న చెప్పేవాడు. అదేనా?"

"అది కాదు."

"నా కార్జంలో టోల్ గేటుందని ఇన్నాళ్లూ చెప్పలేదేం? వసూళ్లు ఎవరు తింటున్నారు?"

ఓపిక పట్టి మిగతాది చెప్పాను. వీటిలో చాలా రకాలున్నా ఈ గడ్డ విషయంలో ముఖ్యమైనవాళ్లు ఇద్దరు, అంకెల్లో మూడోవాడు, నాలుగోవాడు. మూడోవాడు మెలకువగా ఉంటే గడ్డ కణాలు చచ్చేలా చేస్తాడు, సాయానికి రక్షక కణాల్ని పిలుస్తాడు. నాలుగోవాడు అదేపనిగా అరిస్తే ఆ చోటంతా వాచిపోతుంది. ఆ వాపు దగ్గర చలి కాచుకుంటూ గడ్డ ఇంకా బలుస్తుంది.

"అంటే మూడోవాడు పనిచేస్తాడు, నాలుగోవాడు గోల చేస్తాడు. మన ఊరి కమిటీలాగే," అంది వదిన.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నాలుగోవాడు గొంతు చించుకుంటున్నాడు. వదిన గీతకి చాలా కిందుంది.

"నాకు చెప్పకు," అంది నా వైపు చూడగానే. "నీ మొహం చాల్లే. ఉప్పు రెండుసార్లు వేసిన చారు తాగినట్టుంది." పడవకి వేళైందని వెళ్లిపోయింది.

చిట్టా 214

ఓడకి రేడియోలో మాట్లాడాను. అక్కడి పెద్ద డాక్టరు పేరు మరియదాసు. ఎప్పుడూ కలవలేదు, గొంతే పరిచయం.

"భ్రమరాంబ గారూ, మీరు పంపిన వివరాలు చూశాను. నాలుగోది మరీ ఎక్కువుందండి. ఇలాంటివాళ్లకి ఆపరేషన్ చేసినా గడ్డ తొందరగా తిరగబెడుతోంది. మంచాల సంగతి మీకు తెలుసు."

"తెలుసండీ."

"ఆవిడ మీకు ఏమవుతారు?"

"వదిన."

"పెట్టె సరిగ్గా పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి," అన్నారు. అంతకంటే ఆయన మాత్రం ఏం చెబుతారు?

రేడియో కట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన.

"గొంతు బాగుందే. పెళ్లయిందా ఆయనకి?"

నాకు యాభై ఎనిమిది. ఈవిడ ఇంకా నాకు సంబంధాలు చూస్తూనే ఉంది.

"నీ గురించే మాట్లాడుకున్నాం వదినా."

"విన్నాన్లే. అందుకే వేరే మాట ఎత్తాను," అంది. వెళ్లి పొయ్యి మీద గిన్నె దించింది. ఆ పూట ఇద్దరం మాట్లాడుకోకుండానే తిన్నాం. ఈ ఇంట్లో అలా జరగడం నాకు గుర్తులేదు.

చిట్టా 215

పెట్టెని అనుమానించాను. ఓడ వాళ్లిచ్చిన సరిచూసే నమూనా వేస్తే సరిగ్గానే చదివింది. పెట్టెలో తప్పు లేదు. ఇక మిగిలింది నా సూది, నా రసాయనాలు, నా చెయ్యి. వీటిలో లోపముంటే తెలియాలంటే, జబ్బులేని కాలేయం ముక్క ఒకటి నేనే తీసి, నేనే కడిగి, వేసి చూడాలి. చేతికందే దూరంలో ఉన్న కాలేయం నాదొక్కటే.

సూది నేనే పట్టుకున్నాను. స్కానింగు పలక పట్టుకోవడానికి వదిన కావాల్సొచ్చింది.

"ఊపిరి బిగబట్టు డాక్టరమ్మా. ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది. మాకందరికీ ఇదేగా చెబుతావు."

చీమ కుట్టినట్టు లేదు. ఇకమీదట రోగులకి ఆ మాట చెప్పను.

ఫలితం వచ్చాక రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాను. నా నాలుగోవాడు వదిన నాలుగోవాడి కంటే గట్టిగా అరుస్తున్నాడు. నాకు గడ్డ లేదు, స్కానింగులో కాలేయం నున్నగా ఉంది. అయినా పెట్టె నన్ను వదిన కంటే కింద పెట్టింది. పక్కనుంచి చూసిన వదిన డొక్క పట్టుకుని నవ్వింది.

"నేను పోతే నిన్నెవరు చూస్తారని రెండు రోజులుగా బెంగపడ్డాను. నువ్వే ముందన్నమాట. హాయిగా ఉంది."

ఆవిడ నవ్వుతుంటే నేను కుర్చీలో కూలబడి ఆలోచించాను. మేం తినేది ఎండుచేపలు, పులియబెట్టిన నాచు. తాగేది పీపాల్లో నిలవుండే నీళ్లు. పీల్చేది నెమ్ము. సూక్ష్మజీవుల ముక్కలు పేగుల్లోంచి రోజూ కాలేయానికి చేరుతూనే ఉంటాయి. ఇక్కడి నాలుగోవాడు పుట్టినప్పట్నుంచీ అరుస్తూనే ఉన్నాడు. అది వాడికి మామూలు గొంతు. పెట్టెలో గీత గీసినవాళ్లు కొండ పట్టణాల్లో, పొడి గాలిలో బతికే జనం కాలేయాలు చూసి గీశారు.

వెంటనే వదిన గడ్డ ముక్కనీ, ఆవిడదే మంచి కాలేయం ముక్కనీ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాను. నాలుగోవాడు రెండింట్లోనూ ఒకే గొంతుతో అరుస్తున్నాడు. గడ్డలో కొత్తగా రెచ్చిపోయిందేమీ లేదు. మూడోవాడు మాత్రం గడ్డలో మంచి మెలకువగా ఉన్నాడు. ఇన్నాళ్లూ ఈ గోలలో వాడి మాట ఎవరికీ వినపడలేదు.

చిట్టా 217

మరియదాసుగారికి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"మీ ఆలోచన కొట్టిపారెయ్యలేను. కానీ మీరిద్దరూ ఒకే కుండలో వండుకు తింటారు. ఒక ఇంటి సంగతి పట్టుకుని గీత మార్చమంటే ఓడలో ఎవరూ ఒప్పుకోరండి. వేరే ఇళ్లవాళ్లు, జబ్బులేనివాళ్లు, ఓ పాతికమందైనా కావాలి. అదీ ఓడ మీ ఊరు వచ్చేలోపు."

అంటే దసరా లోపు, పట్టుమని పది రోజులు లేవు. ఈ ఊళ్లో పాతికమంది దంతాలు చూపించుకునేలా చెయ్యడానికే నాకు అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

చిట్టా 218

కమిటీ ప్రెసిడెంటు త్రిమూర్తులు సభ పెట్టించాడు. ఇతరుల కోసం మనిషి చేయదగ్గ త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నేను సూది చూపించాను. జనం పలచబడ్డారు. త్రిమూర్తులికి పీపాల తనిఖీ ఉందని గుర్తొచ్చింది.

ముక్క ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు.

చిట్టా 219

ఇవాళ సాయంత్రం దాకా రేవు పడవ రాలేదు. కంగారుపడి ఒడ్డున నిలబడ్డాను. వచ్చాక అందులోవాళ్లు దిగి, వరసగా నా గదికొచ్చి, తలా ఒక మూల చూస్తూ, ముక్క ఇస్తామన్నారు.

ఆరా తీస్తే తెలిసింది. ఉప్పు మడుల నుంచి తిరిగొస్తూ నడినీట్లో వదిన మోటారు ఆపేసింది. మోటారు అలసిపోయిందట.

"డాక్టరమ్మకి ఎవరైనా చిటికెడు కార్జం ఇస్తామంటే దీనికి ఓపికొస్తుందేమో," అందట, మోటారుని నిమురుతూ. ఎవరో తిట్టారట. వదిన కొంగులోంచి వేరుశనగలు తీసి, అందరికీ తలా గుప్పెడు పంచి, తీరిగ్గా కూర్చుందట.

వాళ్లందరినీ ఇంటికి పంపేశాను. వదినని కూర్చోబెట్టి మందలించాను.

"నడినీట్లో ఆపిన పడవలో ఇచ్చిన మాటని ఒప్పుకోలు అనరు. అది పనికిరాదు."

"నేనేమైనా కొట్టానా?"

"వాళ్ల ఒంట్లోది అడుగుతున్నాం వదినా. వాళ్లంతట వాళ్లు ఇవ్వాలి. నీ కోసమైనా సరే, అలా తీసుకోను."

నా వైపు తేరిపార చూసింది. "మీ అన్నయ్యే. అచ్చం," అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు.

చిట్టా 220

పొద్దున్న పడవ బయల్దేరేముందు వదిన రేవులో నిలబడి మాట్లాడింది. నేను కిటికీలోంచి విన్నాను.

"నిన్న చేసింది తప్పే. మీరెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, పడవ మామూలుగానే నడుస్తుంది. నా కార్జంలో గడ్డుంది. మీ కార్జాలు చూస్తే నాకు ఓడ ఎక్కే దారి దొరుకుతుందేమోనని మా ఆడపడుచు ఆశ. నాకు దొరక్కపోయినా, రేపు మీలో ఎవరికైనా గడ్డొస్తే పనికొస్తుందట. అంతే. ఎక్కండి, ఎండెక్కుతోంది."

మధ్యాహ్నం ఉప్పు మడుల్లో పనిచేసే సీతారత్నం వచ్చింది, ఆమె వెనక ఆమె అత్తగారు. తర్వాత వల అల్లేవాళ్లు నలుగురు. చీకటిపడేలోగా గది బయట బల్ల మీద చోటు లేదు. నిన్న పడవలో తిట్టిన మనిషి కూడా వచ్చాడు, ఇంకా తిడుతూనే పడుకున్నాడు. అందరికీ నొప్పెడుతుందని ముందే చెప్పాను. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు, మిగతావాళ్లు ఉన్నారు.

చిట్టచివర త్రిమూర్తులు. చొక్కా విప్పాడు, పడుకున్నాడు, సూది తీయకముందే సొమ్మసిల్లాడు. తేరుకున్నాక "అయిపోయిందా?" అన్నాడు. ఇంకా మొదలెట్టలేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, అయినా చెప్పాను. పళ్లు బిగించి మళ్లీ పడుకున్నాడు. ఈ ఊళ్లో ధైర్యం అన్న మాటకి నేను ఇకనుంచి ఆయన్నే చూపిస్తాను.

చిట్టా 222

ముక్కలు పాతిక దాటాయి, అందరి నాలుగోవాడూ అరుస్తున్నాడు. చిన్నవాళ్లకి కాస్త తక్కువ, ముసలివాళ్లకి కాస్త ఎక్కువ, అంతే. జబ్బులేని కాలేయాలున్న ఊరు ఊరంతా పెట్టె లెక్కలో బతకనివాళ్లే.

మరియదాసుగారికి రేడియోలో చదివి వినిపించాను. గడ్డనీ, ఆ మనిషిదే మంచి కాలేయాన్నీ పోల్చి చూడాలని, నీళ్ల మీది జనానికి గీత అలాగే గియ్యాలని చెప్పాను. అలా చూస్తే వదిన ఎక్కడుంటుందో కూడా చెప్పాను. గీతకి పైన. చాలా పైన కాదు, పైన.

రేడియో పోయిందనుకుని మీటలు తిప్పాను.

"ఉన్నానండి," అన్నారు. "నేను కాదన్నవాళ్లు గుర్తొస్తున్నారు. మీ ఊరికి పైనున్న తేలే ఊళ్లలోవాళ్లు. కొందరు పోయారు. పీతలమొగలో ఒకావిడ ఇంకా ఉంది. దారిలో ఆమెని ఎక్కించుకుని వస్తాం. మీ వదినగారిని సిద్ధం చెయ్యండి."

చిట్టా 226

ఓడ వచ్చింది. వదిన వెళ్లనంది.

ముందు పడవ ఎవరికి అప్పగించాలంది. త్రిమూర్తులు నడుపుతానన్నాడు. అయితే అసలే వెళ్లనంది. తర్వాత తన మంచం ఎవరైనా చిన్నవాళ్లకి ఇమ్మంది. చిన్నవాళ్లలో ఎవరికీ గడ్డ లేదు. తర్వాత బట్టలు ఆరలేదంది.

నేను చాప మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఆరిన చీరనే మళ్లీ మళ్లీ మడత పెడుతోంది.

"భయంగా ఉందే భ్రమరం," అంది. "ఇన్నాళ్లూ ఎవరి పడవా నేనెక్కలేదు. నా పడవే నలుగురూ ఎక్కారు. అక్కడ పడుకోబెట్టి, కళ్లు మూసి, ఏం చేస్తారో నాకు తెలీదు. నువ్వుండవు."

ఓడలో రోగికి మాత్రమే చోటు. తోడు వెళ్లే వీల్లేదు. ఈ నిబంధన గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, డాక్టర్ని కదా, ఎప్పుడూ ఒడ్డున నిలబడి పంపేదాన్నే.

"నాకూ భయంగానే ఉంది వదినా. కోస్తే నువ్వు నిలుస్తావని పెట్టె చెప్పింది, నేనూ చెబుతున్నాను. పెట్టెకీ నాకూ కూడా ఖాయంగా తెలీదు. ఇక్కడే ఉంటే ఏమవుతుందో మాత్రం తెలుసు."

ఆవిడ చీర మడత ఆపింది. కాసేపటికి నా చెవి పట్టుకుని మెలితిప్పింది, పెళ్లై మా ఇంటికొచ్చిన కొత్తలో చేసినట్టు. లేచి నడిచింది. ఓడ మెట్ల దగ్గర మరియదాసుగారు ఎదురొచ్చారు. నెరిసిన జుట్టు, వంగిన భుజాలు.

"గొంతు చూసి ఇంకా పొడుగనుకున్నాను," అంది వదిన, ఆయనకి వినపడేలాగే.

చిట్టా 231

ఆపరేషన్ అయింది. గడ్డ శుభ్రంగా వచ్చిందట. ఇప్పుడు మూడోవాణ్ని ఇంకా మెలకువగా ఉంచే మందు ఎక్కిస్తున్నారు. ఆ మందుకి జ్వరం వస్తుంది. వదినకి విపరీతంగా వచ్చింది. రెండు రోజులుగా మనుషుల్ని గుర్తుపట్టడం లేదని మరియదాసుగారు చెప్పారు.

ఇక్కడ త్రిమూర్తులు పడవని పాత ఊరి నీళ్ల ట్యాంకు మీదికి ఎక్కించాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పీపాలు గీకాను. చాప తిప్పాను. బూజు పట్టిన గింజలన్నీ ఏరి పారేశాను, అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. ఎంత తొందరగా అయిపోయిందో ఆ పని.

చిట్టా 233

జ్వరం దిగింది. కళ్లు తెరవగానే గంజిలో ఉప్పు లేదందట. మరియదాసుగారు ఈ మాట చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. రేడియోలో కాబట్టి జలుబని చెప్పాను.

చిట్టా 240

ఓడ వచ్చింది. అందులో వదిన లేదు.

మెట్ల మీద నుంచి దిగినవాళ్లందరినీ చూశాను. చివరికి నర్సు వచ్చి వదిన మాట చెప్పింది. వరహాలమ్మగారు బాగున్నారట, నడుస్తున్నారట. ఓడ ఇటు తిరక్కముందే కొండ పట్టణం రేవులో దిగి, అక్కడి ఆస్పత్రిలో ఉండిపోయారట. పీతలమొగ నుంచి ఎక్కించుకొచ్చిన ఆవిడని అక్కడ ఉంచారట. ఆమెకి తోడు ఎవరూ లేరట. వచ్చే ఓడకి వస్తారట.

నాకు చాలా కోపం వచ్చింది. రేవంతా చిమ్మి, పడవకి కొత్త రంగు వేయించి, త్రిమూర్తులు చేత పీపాల మీద తోరణం కట్టించాను. తోరణం ఎవరు విప్పుతారు?

చిట్టా 247

వదిన వచ్చింది. చిక్కిపోయింది. మెట్లు దిగుతూ తోరణం చూసింది. రంగులు వెలిసి, ఆకులు ఎండి వేలాడుతోంది.

"నేను వస్తానని కట్టారా, పోయానని కట్టారా?" అంది.

కోపం ఉంచుకోవాలని చాలా గట్టిగా అనుకున్నాను. వీలు కాలేదు.

స్కానింగు పలక పెట్టి చూశాను. కోసిన చోట కాలేయం మళ్లీ పెరుగుతోంది. కొత్తగా ఏమీ లేదు. మూడు నెలలకోసారి చూడాలి. ఎన్నాళ్లు ఇలాగే ఉంటుందో చెప్పలేను.

అన్నం తిన్నాక ఆవిడే చెప్పింది. పీతలమొగ ఆవిడ పేరు సువార్తమ్మ. వలలు బాగుచేసేది. ఓడలో పక్క మంచం. గడ్డ కొయ్యడానికి తెరిచి చూస్తే అప్పటికే పొట్టంతా పాకింది, ఏమీ చెయ్యకుండా మూసేశారు. కిందటి ఏడాది ఆమె జోస్యం పెట్టెలో గీతకి కిందుందట.

"నీ లెక్క ఆమెకి ఏడాది ఆలస్యంగా అందింది," అంది వదిన. నిందగా అనలేదు. "ఆ మాట ఆ ఓడ డాక్టరే ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాడు. తప్పించుకోలేదు. మంచివాడే. ఆ తర్వాత ఆమె ఆయన్ని ఊరడించింది. నేను ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నాను."

"ఎన్నాళ్లున్నావు?"

"ఆమె ఉన్నన్నాళ్లూ." తర్వాత తనే అడిగింది. "మిగతా ఊళ్లవాళ్లకి గీత ఎవరు సరిచేస్తారు?"

"మన ముక్కలు మన ఊరికే రుజువు, ఒక్కో ఊళ్లో తిండి ఒక్కోలా ఉంటుంది. అక్కడికెళ్లి అక్కడివాళ్ల ముక్కలు తీసి చూడాలి. ఓడ వాళ్లకి తీరిక లేదు."

"నీ దగ్గర సూదులున్నాయా?"

"ఉన్నాయి."

"నా దగ్గర పడవుంది," అంది. నువ్వింకా కోలుకోవాలన్నాను. సరే, నెల ఆగుతానంది. అది నా వైద్యంలో ఇప్పటిదాకా జరిగిన అతి పెద్ద అద్భుతం.

చిట్టా 279

వదిన నిజంగానే నెలాగింది. ఇవాళ పడవలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఓడ వాళ్లు మన్నించాలి. పొద్దుట్నుంచీ నాకు మూడుసార్లు వాంతయింది. తెప్పలూరే నీళ్ల మీదుంది కదా, పుట్టినప్పట్నుంచీ తేలుతూనే ఉన్నావు కదా అని వదిన నవ్వుతోంది. ఊరు వేరు, పడవ వేరని చెప్పాను. ఆవిడ వినలేదు.

మధ్యాహ్నానికి పీతలమొగ కనపడింది. మా ఊరి కంటే చిన్నది, పీపాలు తుప్పు పట్టాయి. రేవులో ఒకామె నిలబడి ఉంది. నడివయసు, చేతిలో సగం అల్లిన వల. వదిన మోకు విసిరితే పట్టుకుని గుంజకి కట్టింది.

"ఎవరు కావాలండి?" అని అడిగింది.

"సువార్తమ్మగారి అమ్మాయివా?"

ఆమె చేతిలో వల కిందికి జారింది. ఓడ వాళ్లు కబురు పంపారట, పోయిందని. అంతే. ఎలా పోయింది, నొప్పి పడిందా, ఎవరైనా పక్కనున్నారా, ఏమీ చెప్పలేదట.

నేను సూదుల పెట్టె పట్టుకుని లేచాను. వదిన నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఇవాళ నీ పని లేదు. రేపు చూసుకో."

మెల్లగా, డొక్క పట్టుకుని, రేవు మీదికి ఎక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే చెక్కల మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

"నేను మీ అమ్మ పక్క మంచం," అంది. "మీ అమ్మ బాగా నవ్వించేది. చెబుతాను, విను."

నేను పడవలోనే ఉన్నాను. ఇద్దరి వీపులే కనపడుతున్నాయి. చాలాసేపటికి ఆ అమ్మాయి నవ్వు వినపడింది. తర్వాత ఏడుపు. మళ్లీ నవ్వు.